213వ పేజీలో గోదావరి

మా ఊరి లైబ్రరీలో వెనకవైపు ఒక చిన్న గది ఉంది. పొడుగాటి బల్ల, పది కుర్చీలు, గోడకో తెల్లబోర్డు. పదేళ్ళ పైబడి, రెండువారాలకో గురువారం సాయంత్రం, అక్కడ ఏడెనిమిది మందిమి కూచుని పుస్తకం చదువుతున్నాం. ఇన్నేళ్ళూ ఒకటే పుస్తకం, విడతకి ఒక్క పేజీ. జేమ్స్ జాయిస్ రాసిన ‘ఫినెగన్స్ వేక్’.

నేనుండేది అమెరికాలో ఒక మధ్యరకం ఊళ్ళో. మా గుంపులో ఇంగ్లీషు సాహిత్యం పాఠం చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. రిటైరైన నర్సు ఒకావిడ, హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆయన, చర్చిలో ఆర్గన్ వాయించే ఇంకో ఆవిడ, వస్తూపోతూ ఉండే కాలేజీ కుర్రాళ్ళు, సాఫ్ట్‌వేర్ పని చేసుకునే నేను. జాయిస్ పేరు నేను మొదట విన్నది నవీన్ ‘అంపశయ్య’ గురించిన మాటల్లో. ‘యులిసిస్’ ఒకసారి మొదలుపెట్టి మూడోవంతులో వదిలేశాను. ‘వేక్’ అయితే ఒంటరిగా మూడు పేజీలు దాటలేదు. ఇంగ్లీషు లిపిలో ఉంటుంది కానీ అది ఇంగ్లీషు కాదు. పదుల కొద్దీ భాషల మాటల్ని విరిచి, అతికి, ఒక్కో మాటలో రెండేసి మూడేసి అర్థాలు కుక్కిన రాత అది. అందుకే మా పద్ధతి సులువు. ఒకరు పేజీ పైకి చదువుతారు. కాసేపు ఎవరూ మాట్లాడం. తరవాత ఎవరి చెవికి ఏం వినపడిందో వాళ్ళు చెబుతారు.

213వ పేజీ చదివే వంతు నాది. డబ్లిన్ ఊరి నది లిఫీ ఒడ్డున ఇద్దరు ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతూ, అన్నా లివియా అనే ఆవిడ గురించి ఊసులు చెప్పుకునే అధ్యాయం అది. అన్నా లివియా అంటే ఆ నదే. ఆ అధ్యాయంలో జాయిస్ ప్రపంచంలోని నదుల పేర్లు వందల కొద్దీ మాటల్లో కలిపేశాడు. ఉతకటం అయిపోయింది, ఇక బట్టలు ఒడ్డున ఆరేయాలి. వాన రాకుండా చూడమని దేవుణ్ణి తలుచుకోవాలి. సరిగ్గా అక్కడ నా నోట్లోంచి ‘గోదావరి’ అన్న మాట వచ్చింది. అక్షరం పొల్లుపోకుండా, మనం ఇంగ్లీషులో రాసుకునే స్పెల్లింగుతోనే ఉంది. నేను ఆగిపోయాను. మిగతావాళ్ళు తలలెత్తి చూశారు.

కిటుకేమిటంటే, ఇంగ్లీషులో ‘గాడ్ అవర్ట్’ అంటే ‘దేవుడా, తప్పించు’ అని. జాయిస్ ఆ రెండు మాటల్నీ కలిపి, ఇంకోచోట విరిచాడు. ముందు ముక్క గోదావరి అయింది, ‘వర్ట్’ అన్న తోక తరవాతి మాటలో పడింది. ఇదేమీ మనకి కొత్త కాదు. మాటని ఒకచోట విరిస్తే ఒక అర్థం, ఇంకోచోట విరిస్తే ఇంకో అర్థం వచ్చేదాన్ని సభంగ శ్లేష అని బళ్ళో చెప్పారు. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ మొత్తం ఇలా ఒకే పద్యంలో రామాయణమూ భారతమూ చెప్పిన కావ్యం. దాన్నీ ఎవరూ ఒంటరిగా చదివినట్టు లేదు. వ్యాఖ్యానమో, పక్కన ఒక పంతులుగారో ఉండాల్సిందే.

కొవ్వూరులో పుట్టి పెరిగినవాణ్ణి. నాకు ఆ సాయంత్రం నేల మీద కాళ్ళు నిలవలేదు. ఆ ఊపులో తరవాతి విడతకి ఒక జాబితా పట్టుకెళ్ళాను. అక్కడా ఇక్కడా తెలుగు మాటలు పట్టేశానని నా ధీమా. అన్నిటికన్నా నాకు ముచ్చటైంది గోదావరి పక్క వాక్యంలోదే. అక్కడ ‘థాయా’ అని ఒక మాట, దాని వెంటనే ‘గ్రేస్’ అని ఇంకో మాట. గ్రేస్ అంటే దయ కదా, థాయా అంటే మన దయే, రెండు భాషల్లోనూ ఒకే మాట పక్కపక్కన పెట్టాడు జాయిస్, చూశారా అన్నాను.

నర్సు ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “ఇది ఆయన పెట్టిందా, నువ్వు పెట్టిందా?” అని అడిగింది.

కోపం వచ్చింది. ఆ గదిలో ఇంకెవరికీ తెలియని భాష గురించి నేను చెబుతుంటే నన్నే సాక్ష్యం అడుగుతుందా అనుకున్నాను. రెండు విడతలు మానేశాను. ఇంట్లో కూచుని, ఈ పుస్తకాన్ని జనం ఇన్నాళ్ళూ ఎలా చదివారో వెతకటం మొదలుపెట్టాను. మొదట్లో ఉద్దేశం ఆవిడ నోరు మూయించటమే.

మొదటి సంగతి, ఈ పుస్తకానికి మొదటి వ్యాఖ్యాత జాయిసే. 1923లో రాయటం మొదలుపెట్టాడు. ఆయన్ని డబ్బుతో పోషించిన హారియట్ వీవర్ అనే ఇంగ్లీషావిడకి ఆ రాత అంతుపట్టలేదు, బెంగ పట్టుకుంది. 1926లో జాయిస్ ఆమెని, దర్జీకి కొలతలిచ్చినట్టు, నీకేం కావాలో చెప్పు, రాసిస్తానన్నాడు. ఆమె పెన్రిత్ అనే ఊరి చర్చి ఆవరణలో ఉన్న ‘రాక్షసుడి సమాధి’ గురించి పంపింది. ఆయన దాన్ని పట్టుకుని నవల మొదటి పేజీ చిత్తు రాసి, ఏ మాటకి ఏమిటర్థమో పట్టీ కూడా జతచేసి పంపాడు. సొంత పోషకురాలికే పట్టీ రాయాల్సొచ్చిన నవల అన్నమాట. ఎజ్రా పౌండ్ లాంటి పాత మిత్రుడు కూడా ఇది నా వల్ల కాదనేశాడు.

పుస్తకం పూర్తవకముందే దాని మీద పుస్తకం వచ్చింది. 1929లో పారిస్‌లో సిల్వియా బీచ్ తన ‘షేక్స్‌పియర్ అండ్ కంపెనీ’ దుకాణం తరఫున పన్నెండు మంది వ్యాసాలు అచ్చువేసింది. వాటిలో మొదటిది అప్పటికి పాతికేళ్ళు కూడా లేని సామ్యూల్ బెకెట్‌ది. వెనక రెండు నిరసన ఉత్తరాలు కూడా వేశారు. వాటిలో ఒకటి జాయిస్ భాషనే వెక్కిరిస్తూ రాసినది, కింద సంతకం వ్లదిమీర్ డిక్సన్. ఇంత బాగా వెక్కిరించగలిగేది జాయిస్ ఒక్కడే, దొంగపేరు పెట్టుకుని తన మీద తానే రాసుకున్నాడు అని అందరూ నమ్మారు. అచ్చువేసిన బీచ్ నమ్మింది, పండితులూ నమ్మారు. దశాబ్దాలు గడిచాక తెలిసింది, డిక్సన్ అనే మనిషి నిజంగానే ఉన్నాడని. రష్యాలో పుట్టి, అమెరికాలో చదువుకుని, పారిస్‌లో ఉంటూ కవిత్వం రాసుకున్న కుర్రాడు. ఆ పుస్తకం వచ్చిన ఏడాదే, 1929 చివర్లో, 29 ఏళ్ళకి చనిపోయాడు. నవల నిండా మాటల వెనక మాటలు వెతకటం అలవాటై, సంతకం చేసిన మనిషిని కూడా మాటే అనుకున్నారు. ఇది చదివినప్పుడు నా జాబితా ఒకసారి తీసి చూసుకున్నాను.

అప్పటికింకా నవల పేరు కూడా ఎవరికీ తెలియదు. పత్రికలో ‘వర్క్ ఇన్ ప్రోగ్రెస్’ అన్న పేరుతో ముక్కలుముక్కలుగా వచ్చేది. అసలు పేరు చెప్పకుండా ఊహించమని మిత్రులతో ఆడుకునేవాడు జాయిస్. వీవర్ ప్రయత్నించి ఓడిపోయింది. 1938లో వెయ్యి ఫ్రాంకులు పందెం కాస్తే, ఆ పత్రిక సంపాదకుడు యూజీన్ జోలాస్ చెప్పేశాడు. టిమ్ ఫినెగన్ అనే కూలీ నిచ్చెన మీంచి పడి చచ్చిపోతే, శవజాగారంలో అతని మీద విస్కీ ఒలికి లేచి కూచున్నాడని ఒక ఐరిష్ పాట ఉంది. పేరు అందులోది. మర్నాడు జాయిస్ పది ఫ్రాంకుల నాణాలు సంచీలో వేసుకొచ్చి బాకీ తీర్చాడట.

1939 మే 4న పుస్తకం వచ్చింది. నాలుగు నెలలకి యుద్ధం మొదలైంది. 1941 జనవరిలో జ్యూరిక్‌లో జాయిస్ పోయాడు. ఇక అడగటానికి మనిషి లేడు. మిగిలింది 628 పేజీలు. 628వ పేజీలో సగంలో ఆగిపోయిన వాక్యం 3వ పేజీలో మొదటి మాటకి వెళ్ళి అతుక్కుంటుంది.

ఆ తరవాత కథలో నాకు బాగా నచ్చినవాళ్ళు ఇద్దరు. ముందు ఒక తగాదా చెప్పాలి. నాటకకర్త థార్న్‌టన్ వైల్డర్‌కి ఈ నవలంటే ప్రాణం. 1942లో ఆయన నాటకం ‘ద స్కిన్ ఆఫ్ అవర్ టీత్’ బ్రాడ్వేలో బ్రహ్మాండంగా ఆడుతుంటే, జోసెఫ్ క్యాంబెల్, హెన్రీ మోర్టన్ రాబిన్సన్ అనే ఇద్దరు పత్రికకెక్కి, ఇది ‘ఫినెగన్స్ వేక్’ నుంచి ఎత్తుకొచ్చిందని దుమ్మెత్తిపోశారు. క్యాంబెల్ అంటే, తరవాత పురాణాల మీద పుస్తకాలతో పేరు పొందిన క్యాంబెలే. ఈ ఇద్దరే 1944లో నవల మొత్తానికి ‘అస్థిపంజర తాళం’ అన్న అర్థం కూడా వచ్చే పేరుతో మొదటి సంపూర్ణ వివరణ అచ్చువేశారు. అందులో నవల సాఫీ వాక్యాల్లో సాగిపోతుంది. ఇప్పటికీ మొదటిసారి చదివేవాళ్ళకి అది ఊతకర్రే. కానీ తెలియని చోట తెలియదని చెప్పకుండా దాటిపోతారు. అదే నాకు దానితో పేచీ.

వైల్డర్ తిట్లకి బదులివ్వలేదు. కనెక్టికట్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ అనే ఊళ్ళో అడలీన్ గ్లాషీన్ అనే గృహిణి ఉండేది. ఏ యూనివర్సిటీలోనూ ఉద్యోగం లేదు. ఇంట్లో కూచుని నవల్లో కనిపించే మనుషుల పేర్లన్నిటికీ అక్షరక్రమంలో పట్టిక తయారుచెయ్యటం మొదలుపెట్టింది. మూడుసార్లు పులిట్జర్ వచ్చిన వైల్డర్, ఈ గృహిణి, 1950 నుంచి 1975లో ఆయన పోయేదాకా పాతికేళ్ళు ఈ ఒక్క పుస్తకం గురించి ఉత్తరాలు రాసుకున్నారు. ఆ ఉత్తరాలు 2001లో పుస్తకంగా వచ్చాయి. అందులో ఒకళ్ళ ఊహని ఒకళ్ళు కొట్టేసుకుంటారు, మళ్ళా ఉత్సాహపడతారు, మళ్ళా కొట్టేసుకుంటారు.

గ్లాషీన్ పట్టిక ‘జనాభా లెక్కలు’ అన్న పేరుతో 1956లో వచ్చింది. 1963లో దిద్ది పెంచింది, 1977లో మళ్ళీ. ఆ పట్టికలో కొన్ని పేర్ల ముందు ఒక చుక్కగుర్తు ఉంటుంది, నక్షత్రంలాగా. ఈ మనిషి ఎవరో నాకు తెలియదు అని దాని అర్థం. ఇరవై ఏళ్ళ తరవాత, మూడో ముద్రణలో కూడా నక్షత్రాలు అలాగే ఉన్నాయి. జీవితంలో సగం ఒక పుస్తకానికిచ్చి, దాని మీద అందరూ ఆధారపడే గ్రంథం రాసి, పేజీపేజీకీ ‘తెలీదు’ అని అచ్చువేసుకున్న మనిషి. మన వ్యాఖ్యాతల్లో ఇలాంటి గుర్తు పెట్టినవాళ్ళు నాకైతే ఎదురుపడలేదు. ఉంటే ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

1960ల్లో ఈ ఉత్తరాల పద్ధతే ఒక పత్రికైంది. ఆస్ట్రేలియా నుంచి క్లైవ్ హార్ట్, స్విట్జర్లాండ్ నుంచి ఫ్రిట్జ్ సెన్ కలిసి 1962లో ‘ఎ వేక్ న్యూస్‌లిటర్’ మొదలుపెట్టారు. పేరులోనే చమత్కారం, లెటర్‌ని లిటర్ చేశారు. లిటర్ అంటే చెత్త. నవల్లో కోడిపెట్ట చెత్తకుప్పలో గీరి ఒక ఉత్తరం బయటికి తీస్తుంది లెండి, అదీ సంగతి. మొదట్లో సైక్లోస్టైల్ కాగితాలే. ఎవరైనా ఒక మాట పట్టుకుంటే రాసి పంపేవాళ్ళు. తరవాతి సంచికలో ఇంకెవరో కాదనేవాళ్ళు. హార్ట్ 1963లో నవల్లోని మాటలన్నీ ఏ పేజీలో ఏ లైన్లో ఉన్నాయో చెప్పే పదసూచి తెచ్చాడు. సెన్ అప్పట్లో ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ప్రూఫులు దిద్దేవాడి కన్ను ఈ పుస్తకానికి సరైన కన్నే, ప్రతి మాటా తప్పుగానే కనిపిస్తుంది కాబట్టి. 1985లో జ్యూరిక్‌లో, జాయిస్ కన్నుమూసిన ఊళ్ళోనే, జాయిస్ ఫౌండేషన్ ఆయన చేతిమీదుగా మొదలైంది. అక్కడ ప్రతి గురువారం ఒక గుంపు ‘వేక్’ చదువుతూ వచ్చింది. ఒక్క చుట్టు తిరగటానికి పదకొండేళ్ళు. వాళ్ళ మీద 2013లో డోరా గార్సియా ఒక డాక్యుమెంటరీ తీసింది. పెన్సిలు రాతలతో అంచులు నల్లబడిన పుస్తకాలు, ముసలివాళ్ళ నవ్వులు. చూస్తున్నంతసేపూ మా బల్లే గుర్తొచ్చింది. మా గురువారం కూడా వాళ్ళని చూసి పెట్టుకున్నదేనని తరవాత లెక్కల మాష్టారు చెప్పారు.

రోలండ్ మెక్‌హ్యూ గురించి కూడా చెప్పాలి. ఆయన కీటకశాస్త్రవేత్త, మిడతల చప్పుళ్ళ మీద పరిశోధన చేసినవాడు. ‘న్యూస్‌లిటర్’ లాంటివాటిలో పోగుపడిన వివరాలన్నీ వడగట్టి 1980లో వ్యాఖ్య అచ్చువేశాడు. అందులో గొప్ప అంతా అచ్చు పద్ధతిలోనే ఉంది. నవల్లో ఏ పేజీలో ఏ లైను ఉందో, వ్యాఖ్యలో కూడా అదే పేజీలో అదే ఎత్తున అర్థం ఉంటుంది. రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకుంటే చాలు. సొంత అభిప్రాయాలు లేవు, కథ చెప్పడు. ఏ భాష, ఏ మాట, ఏ నది, అంతే.

ఊహకి సాక్ష్యం కావాలన్న పట్టుదల వీళ్ళ కాలంలోనే బలపడింది. జాయిస్ నోటుపుస్తకాలు సుమారు యాభై బఫలో యూనివర్సిటీకి చేరాయి. చదివిన పత్రికల్లోంచి, పుస్తకాల్లోంచి మాటలు ఎక్కించుకుని, నవల్లో వాడుకున్నాక వాటిని రంగు పెన్సిలుతో కొట్టేసేవాడు. కాబట్టి, ఒక మాట నిజంగా అక్కడినుంచే వచ్చిందా అన్నది కొన్నిసార్లు తేల్చొచ్చు. అన్నిసార్లూ కాదు.

ఇక నా ‘దయ’ సంగతి. థాయా ఒక నది. ఆస్ట్రియా, చెక్ దేశాల సరిహద్దులో పారుతుంది. నదుల పేర్లు గుచ్చిన అధ్యాయంలో, గోదావరి పక్కన, ప్రార్థన వాక్యంలో, ఇంకో నది. ఇంగ్లీషులో ‘నీ కృప’ అనటానికి ‘దై గ్రేస్’ అంటారు, ఆ ‘దై’ని ‘థాయా’ చేశాడు. ఇంతకన్నా నేరుగా ఏముంది! మరి జాయిస్‌కి సంస్కృతం మాటలు బొత్తిగా తెలియవా అంటే, తెలుసు. నవల ఆఖరి భాగం మొదలయ్యేదే సంధ్య అన్న మాటని మూడుసార్లు పలికి. అలాగని దయ కూడా తెలిసే పెట్టాడనటానికి నా దగ్గర నా చెవి తప్ప ఆధారం లేదు. జాబితాలో మిగతావాటికి ఆ చెవి సాక్ష్యం కూడా సరిపోలేదు. చింపేశాను.

మూడో విడతకి వెళ్ళి ఇదంతా చెప్పాను. నర్సు ఆవిడ గెలిచినట్టు మొహం పెట్టలేదు. తన పుస్తకంలో 213వ పేజీ తీసి, అంచున పెన్సిలుతో ‘దయ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, ముందు ఒక నక్షత్రం పెట్టింది. గ్లాషీన్ గురించి నాకన్నా ముందే ఆవిడకి తెలుసు.

ఇంకో సంగతి కూడా ఆ వెతుకులాటలోనే దొరికింది. 1929లో సి. కె. ఆగ్డెన్ పూనికతో జాయిస్ ఈ అధ్యాయం చివరి పేజీల్ని తన గొంతుతో రికార్డు చేశాడు. ఎనిమిది నిమిషాల పైచిలుకు. చూపు బాగా దెబ్బతిని ఉండటంతో పెద్దపెద్ద అక్షరాల్లో కాగితాలు తయారుచేసి ఇచ్చారు. ఆ రికార్డు మొదలయ్యేది 213వ పేజీలోనే, మొదటి నిమిషంలోనే మనమాట వస్తుంది. ఐరిష్ యాసలో, జాయిస్ నోట, గోదావరి.

ఆ వేసవిలో అమ్మ కొవ్వూరు నుంచి వచ్చింది. వినిపించాను.

“ఏవిట్రా ఈయన, మంత్రాలు గొణుగుతున్నాడు?” అంది. మళ్ళీ పెట్టమంది. “ఇదిగో, ఇక్కడ మన గోదారి పేరే అన్నట్టున్నాడు.”

కథ చెప్పాను. ఇద్దరు ఆడవాళ్ళు, చెరో ఒడ్డున, బట్టలు ఉతుకుతూ కబుర్లు. అమ్మ కాసేపు ఆలోచించి, “చెరో ఒడ్డున ఉండి ఎలా మాట్టాడుకుంటార్రా?” అంది.

మా ఇంటి దగ్గర గోదావరి దాదాపు మూడు కిలోమీటర్లు. ఇవతల రేవులో అరిస్తే పడవవాడికి కూడా వినపడదు. లిఫీ ఎంతుంటుందో చెప్పాను. “అయితే అది కాలవే” అని తీసిపారేసింది. ఆ తరవాత మిగతాది చెప్పాను. చీకటి పడుతుంది, నది సముద్రం వైపు పోతూ వెడల్పవుతుంది, నీళ్ళ చప్పుడు పెరుగుతుంది, ఒకరి మాట ఒకరికి వినపడటం మానేస్తుంది. ఏమన్నావు అని అడుగుతూనే ఒకామె చెట్టవుతుంది, ఒకామె రాయవుతుంది. అధ్యాయం అక్కడితో ఆఖరు.

“మరి నేనడిగిందీ అదేగా” అంది అమ్మ.

ఆ గురువారం అమ్మ ప్రశ్నని మా బల్ల మీద పెట్టాను. అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదది. రెండు ఒడ్లన్న మాట మొదటినుంచీ ఉంది. ఆడవాళ్ళ మాటల్లో పదేపదే వినపడలేదంటూ ఉండటమూ ఉంది. మేం మాటలు విరుచుకుంటూ కూచున్నాం గానీ, నది వెడల్పెంత అని అడగలేదు. ఆర్గన్ వాయించే ఆవిడ ఆ పేజీలు మొదటినుంచీ చదువుదామంది. గదికి రెండు చివర్లా ఇద్దరు నించుని, చెరో గొంతూ చదివారు. ఆ సాయంత్రం కొత్త పేజీ మొదలుపెట్టలేదు.

2023 అక్టోబరులో, లాస్ ఏంజెలెస్‌లోని వెనిస్‌లో జెర్రీ ఫియాల్కా అనే సినిమా మనిషి నడిపిన గుంపు 628వ పేజీకి చేరిందని పత్రికల్లో వచ్చింది. 1995లో మొదలుపెట్టారు, ఇరవయ్యెనిమిదేళ్ళు. జాయిస్ రాయటానికి పట్టిన కాలం కన్నా ఎక్కువ. ఆ తరవాతి నెల మళ్ళీ 3వ పేజీ తీశారు. మా లెక్కల మాష్టారు మా వేగం ఎంతో బోర్డు మీద కూడి చూపించి, కింద మా వయసులు రాయబోయి మానేశారు.

మేమిప్పుడు పిల్లలు పాఠాలు చదువుకునే అధ్యాయంలో ఉన్నాం. ఆ పేజీలకి రెండు అంచుల్లోనూ వ్యాఖ్యలు, అడుగున ఫుట్‌నోట్లు జాయిసే రాసిపెట్టాడు. ఆయన వ్యాఖ్యలు పోగా మిగిలిన ఖాళీలో మావి రాసుకోవటానికి చోటు చాలటం లేదు.